చింతగింజా, మీ తాత గుండూ

పాపా, ఆవులిస్తే చెవి ముందర టక్కుమంటాదని నిన్న ఫోన్లో అడిగితివి కదా. భయపడబాక. అది పన్ను కాదు, దవడ కీలు. తలుపు బందు మాదిరి దానికీ అరుగుడుంటాది. వేడి గుడ్డతో కాపడం పెట్టు. పది దినాలు మెత్తటి కూడు తిను. ఊరికే ఉన్నప్పుడు పైపండ్లు కిందిపండ్లు ఆనకుండా వదులుగా పెట్టుకో. తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పో. పోతే మాత్రం నిజం చెప్పు. నేను చెప్పక, ఆ కత మీ తాత నెత్తి మీదికి తెచ్చినాను.

అప్పుడు చిత్తూర్లో ఉంటిమి. నాకు వేయించిన చింతగింజలంటే ప్రాణం. పొద్దన్నే ఒకటి బుగ్గన పెడితే మధ్యాహ్నందాకా దాంతో కుస్తీ. రాళ్లన్నా అరుగుతాయేమో గానీ అది అరగదు. అరిగింది నా దవడే. నోరు తెరిస్తే తుప్పు పట్టిన గేటు మాదిరి కిర్రుమనేది. మీ తాత తిరపతికి పిలుచుకొని పోయినాడు.

"గట్టివి ఏమన్నా నములుతారా అవ్వా?" అని అడిగింది డాక్టరమ్మ.

"నేనా? పప్పన్నం తప్ప ఏమీ ఎరగను తల్లీ."

ఆ మాట అన్నప్పుడు గింజ ఎడమ బుగ్గలోనే ఉండాది. పెట్టి ఎంత సేపయిందో, అదీ నా పన్నేలే అన్నట్టు మర్చిపోయినాను. నోరు రెండు వేళ్ల సందు కూడా తెరుచుకోకపోయె. అందుకని ఆయమ్మ మిషన్లో ఫొటో తీయించింది. చూసి కండ్లద్దాలు సవరించుకునింది.

"ఇక్కడేదో గింజంత నీడ కనిపిస్తోంది. ఎల్లుండి ఇంకోటి తీద్దాం. ఇప్పుడే ఏమీ అనుకోవద్దండి."

అనుకోవద్దంటే మొగోళ్లు అన్నీ అనుకుంటారు. బస్సులో మీ తాత జేబులో దువ్వెన తీసినాడు, దువ్వుకోకుండానే పెట్టేసినాడు. అరవై ఏండ్లకు ఒక్క తెల్లెంటిక లేని జుట్టు, పాపా. పెండ్లిచూపుల్లో నేను ముందు చూసింది ఆ జుట్టునే, మనిషిని తరవాత చూసినాను.

ఇంటికొచ్చి నోరు పుక్కిలిస్తే గింజ టప్పని బండ మీద పడింది. మీ తాత పక్కనే కాళ్లు కడుక్కుంటా ఉండె. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. బుగ్గలో దొంగను మిషను పట్టేసింది.

"ఏమయ్యా, ఒక మాట," అన్నాను.

"మాట్లాడబాకే, దవడ నొస్తాది."

సరే, రేపు చెప్దాములే అనుకుంటి. నా కాపురంలో మొగుని మాట విన్నది ఆ ఒక్కసారే. అదే కొంప ముంచింది.

పొద్దన నేను లేసేసరికి ఆయప్ప కొండకు బస్సెక్కేసినాడు. సాయంత్రం వచ్చినాడు. గుండు, దాని మీద చందనం. గుమ్మడికాయ ఒకటి గడప దాటుకొని లోపలికొచ్చినట్టుండాది.

"ఏందయ్యా ఇది?"

"మొక్కుకున్నా. నీకేం కాదులే."

ఇంక యాడ చెప్పేది? ఆ ఎంటికలు నేను అతికించగలనా?

మరుసటి దినం రెండో ఫొటోలో నీడ లేదు. "కీలు అలిసిపోయింది, అంతే," అని, నేను ఇందాక నీకు చెప్పిన మాటలే డాక్టరమ్మ చెప్పింది. మీ తాత కొండదిక్కు తిరిగి దండం పెట్టినాడు. నేను ఇంకా గట్టిగా పెట్టినాను, నా కారణాలు నావి. ఆడనే ఒట్టు కూడా పెట్టుకున్నాను: సూర్యచంద్రుల సాక్షిగా, ఈ జన్మలో డాక్టరు ముందర బుగ్గలో గింజ పెట్టుకొని కూర్చోను. గడప బయటే ఉమ్మేస్తాను.

నెల తిరిగింది. మీ తాత నెత్తిన మొలకలు వస్తా ఉండాయి. ఒక గిన్నె తెచ్చి నా ముందర పెట్టినాడు. చింతగింజలు, రెండు దినాలు నానబెట్టినవి.

"మెత్తగా ఉండాయి, తిను," అన్నాడు.

"నీకు ఎప్పుడు తెలిసింది?" అన్నాను.

ఆయన గుండు నిమురుకొని పేపరు తెరిచినాడు. ఆయన పోయేదాకా నేను అడుగుతానే ఉంటిని, ఆయన పేపరు తెరుస్తానే ఉండె. గుండు కొట్టించుకున్నాక తెలిసిందా పాపా, తెలిసే కొండెక్కినాడా?