తీర్పు రానివ్వని పెదనాన్న

పెదనాన్నకు ఉన్న జబ్బు ఒక్కటే. ఏ పనికైనా సరే, వాయిదా అడుగుతాడు. భోజనానికి పిలిస్తే "ఇంకాసేపాగి" అంటాడు. ఆగి పిలిస్తే "అప్పుడే చల్లారిపోయిందా" అంటాడు. ఊళ్ళో ఆయన అసలు పేరు తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. మిగిలినవాళ్ళకి ఆయన వాయిదాలయ్య.

ఒకసారి మంగలి ఒక చెంప గీసి, రెండో చెంపకి నురగ పూయబోతుంటే వాన వచ్చేలా ఉందని ఎవరో అన్నారు. "అయితే మిగతాది రేపు," అని లేచి వచ్చేశాడు. వాన రాలేదు. మర్నాడు పెదనాన్నా వెళ్ళలేదు. ఒక చెంప నున్నగా, ఒక చెంప ముళ్ళపొదలా చాలా రోజులు వీధిలో తిరిగాడు. ఎదురుపడి నవ్వినవాళ్ళని "ఏ వైపు చూసి నవ్వుతున్నావో ముందు అది చెప్పు" అని నిలదీసేవాడు.

పన్ను పుచ్చితే డాక్టరు దగ్గరికి వెళ్ళమని ఇంటిల్లిపాదీ పోరారు. ఇవాళ కాదు, ఎల్లుండి అంటూ బుగ్గ పట్టుకునే తిరిగాడు. ఆఖరికి ఒకరోజు మాట్లాడుతుండగా పన్ను దానంతటదే ఊడి చేతిలో పడింది. దాన్ని అందరికీ చూపించి, "చూశారా, పైకోర్టుదాకా పోకుండానే తేలిపోయింది," అన్నాడు.

పెళ్ళి సంగతీ అంతే. వయసులో ఉన్నప్పుడు ఆడపిల్లవాళ్ళు కబురు పెడితే "కోతలు కానివ్వండి, చెబుతాను" అన్నాడట. కోతలు ఎన్నో అయ్యాయి. ఆ పిల్లకి ఇప్పుడు మనవలు. ఎప్పుడైనా బస్సులో కనబడితే ఆవిడే అడుగుతుంది:

"ఏమండీ, కోతలయ్యాయా?"

"కోతలైతే అయ్యాయండి. నూర్పిళ్ళు మిగిలాయి," అంటాడు పెదనాన్న, మర్యాదగా లేచి సీటు ఇస్తూ.

ఆ ఇంట్లో ఊరిపెద్ద పదవి తాతముత్తాతల నుంచి వస్తోంది. తండ్రి తర్వాత పెద్దకొడుకు. తాతయ్య మంచాన పడ్డప్పుడు పెద్దకొడుకుని పిలిచి "ఏరా, చూసుకుంటావా?" అని అడిగాడు. "రేపు చెబుతాను నాన్నా," అన్నాడు పెదనాన్న. రేపటిదాకా ఉంటానన్న నమ్మకం తాతయ్యకు లేదు. రెండో కొడుకుని కూర్చోబెట్టి కన్ను మూశాడు. ఆ రెండో కొడుకే అమ్మాయి వాళ్ళ నాన్న.

అమ్మాయిని ఇంట్లోనూ వీధిలోనూ అమ్మాయి అనే అంటారు. నాన్నకి చూపు మందగించినప్పుడు బడి మానేసి ఆయన పక్కన కూర్చుంది. వీధి గదిలో ఒక బల్ల, రెండు బెంచీలు, ఊరి ముద్ర, కిటికీ. మొదట్లో నాన్న చెబుతుంటే తను రాసేది. పోనుపోను గోడల తగువులూ, కాలువ నీళ్ళ వంతులూ తనే విని తేల్చేది, నాన్న "అంతే" అని తల ఊపేవాడు. పెద్దగా మాట్లాడే పిల్ల కాదు. ఇద్దరు అరుచుకుంటుంటే ఇద్దరి ముఖాలూ చూస్తూ కూర్చుంటుంది. అరిచి అరిచి వాళ్ళే అలిసిపోతారు. అప్పుడు రెండు ముక్కల్లో చెబుతుంది.

నాన్న పోయాడు. కొడుకులు లేరు. పరామర్శకు వచ్చినవాళ్ళకోసం వేసిన కుర్చీలు ఇంకా తీయలేదు, తాతయ్య మూడో కొడుకు, బాబాయి, పదవి తనదేనంటూ పట్నంలో కోర్టుకి బయల్దేరాడు. బస్సెక్కి చూస్తే ముందు సీట్లో పెదనాన్న ఉన్నాడు. జన్మలో ఆయన సమయానికి అందుకున్న బస్సు అదొక్కటే.

"నువ్వెక్కడికి అన్నయ్యా?"

"నువ్వెళ్ళే చోటికే. పెద్దకొడుకుని నేనుండగా నీకెలా వస్తుందిరా పదవి?"

"అప్పుడు వద్దన్నావుగా?"

"వద్దనలేదు. రేపు చెబుతానన్నాను. ఇవాళ చెబుతున్నాను."

ఊరు ముక్కున వేలేసుకుంది. చెప్పుల జత కొనడానికి ఏడాది తీసుకునే మనిషికి పెత్తనం మీద ఇంత యావ ఎక్కడినుంచి వచ్చిందని. అన్నదమ్ములిద్దరి అర్జీలూ విన్న జడ్జి, వ్యాజ్యం తేలేదాకా పని ఆగకూడదు కాబట్టి ఇదివరకు చూస్తున్న పిల్లే చూడాలని ఉత్తర్వు ఇచ్చాడు. ఆ రోజునుంచి అమ్మాయి టెంపరరీ పెద్ద అయింది.

ఇక పెదనాన్న పని నీళ్ళలో పడ్డ చేపలా అయింది. వాయిదాలు అడగడానికే కట్టిన ఇల్లు ఒకటి ఉందని ఆయనకు అంతవరకూ తెలియదు. చలికాలంలో తన సాక్షి చలికి రాలేడన్నాడు. వేసవిలో అదే సాక్షి ఎండకు తాళలేడన్నాడు. చలీ ఎండా లేని రోజు చూసి జడ్జి అడిగితే "ఇంత మంచి రోజున ముసలాయన పొలం పని మానుకుని వస్తాడాండీ?" అన్నాడు. బాబాయి వైపువాళ్ళు ఇచ్చిన కాగితం నకలు మసగ్గా ఉందన్నాడు. స్పష్టంగా ఉన్నది ఇస్తే, తన కళ్ళద్దాలు మసగ్గా ఉన్నాయన్నాడు.

ఆయన వకీలు ఒకరోజు వీధి గదికి వచ్చి అమ్మాయి ముందు కూలబడ్డాడు.

"అమ్మా, మీ పెదనాన్నగారికి మీరైనా చెప్పండి. పెద్దకొడుకు, కేసు రాయిలా ఉంది. నేను నోరు తెరిస్తే గెలుస్తాను. తెరవబోతే వెనకనుంచి కోటు లాగుతారు."

"ఎందుకని?"

"అదే అడిగానమ్మా. 'గెలిచేస్తావేమోనని భయంగా ఉందయ్యా' అన్నారు. నా వృత్తిలో ఓడిపోతామని భయపడ్డవాళ్ళనే చూశాను."

బాబాయి మాత్రం గదిలోకి వచ్చినప్పుడల్లా గోడలు చూసుకుంటూ పోయేవాడు. "ఈ బల్ల అటు జరిపించాలి. నువ్వేం దిగులు పడకమ్మా, నేనొచ్చాక కూడా నువ్వు వస్తూ పోతూ ఉండొచ్చు. వచ్చినవాళ్ళకి టీ ఇవ్వడానికి ఎవరో ఒకరు ఉండాలిగా."

అమ్మాయి నవ్వేసి ఊరుకునేది గానీ లోపల ముల్లు దిగేది. ఆ పని తప్ప తనకు చేతనైంది ఇంకొకటి లేదు. చేయాలనిపించేదీ లేదు. ఇద్దరిలో ఎవరు గెలిచినా తను లేచి రావలసిందే. ప్రతి వాయిదా రోజునా పొద్దున్నే బల్ల తుడుస్తూ, ఇదే ఆఖరేమో అనుకునేది. సాయంత్రం పెదనాన్న బస్సు దిగి "వచ్చే నెలకి పడింది" అంటే హమ్మయ్య అనిపించేది. అలా అనిపించినందుకు సిగ్గేసేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది. "పెదనాన్నా, అయితే మీరన్నా కూర్చోండి, లేదా బాబాయినన్నా కూర్చోనివ్వండి. ఈ ఊగులాట నావల్ల కాదు. ఆలస్యం అమృతం విషం అంటారు."

"అంటారు, అంటారు. ఆలస్యం చేస్తే విషం కూడా విరిగిపోతుందని మాత్రం ఒక్కడూ అనడు," అని పెదనాన్న పక్కకు తిరిగి పడుకున్నాడు. ఆ పడకకు మాత్రం వాయిదా అడగలేదు.

ఏళ్ళు గడిచాయి. జడ్జీలు మారారు. ఆఖరికి వచ్చినాయన గట్టివాడు. మొదటిరోజే ఫైలు చూసి "ఈ కేసు వయసు నా కొడుకంత ఉంది. ఈసారి వాయిదా లేదు," అన్నాడు. ఆ రోజు అమ్మాయిని కూడా రమ్మన్నారు. వెళ్ళి వెనక బెంచీ చివర కూర్చుంది.

"వాయిదా లేదన్నాను, విన్నారా?" అన్నాడు జడ్జి.

"విన్నానండి. ఇక అక్కర్లేదు కూడా," అన్నాడు పెదనాన్న. గదిలో గుమాస్తాలు కూడా తలెత్తి చూశారు. "పెద్దకొడుకుగా హక్కు నాదని ఈ మా చిన్నతమ్ముడు కూడా కాదనలేడు. ఆ హక్కు నేను పోయిన మా పెద్దతమ్ముడి కూతురికి ఇస్తున్నాను. అదిగో, ఆ వెనకున్న అమ్మాయికి."

అమ్మాయి తన వెనక ఎవరున్నారా అని తిరిగి చూసింది. గోడ ఉంది.

బాబాయి వకీలు లేచాడు. "కుదరదండి. ఈ పదవి నడిచేది ఆనవాయితీ మీద. ఆ ఊళ్ళో ఆడమనిషి పెద్దగా కూర్చున్న ఆనవాయితీ లేదు. మా సాక్షి చెబుతాడు."

"ఆనవాయితీ అంటే ఏమిటండీ?" అని పెదనాన్న అమాయకంగా అడిగాడు.

"చాలాకాలంగా, అందరికీ తెలిసి, ఎవరూ కాదనకుండా నడిచేది," అన్నాడు జడ్జి. అని, పెదనాన్న వైపు ఒకసారి చూసి, సాక్షిని పిలిపించాడు.

సాక్షి కాలువ కింద రైతు. బాబాయి దగ్గరుండి బస్సెక్కించి తెచ్చినవాడు.

"మీ ఊళ్ళో నీళ్ళ వంతు ఎవరు తేలుస్తారు?"

"పెద్దగారండి."

"ఎవరా పెద్దగారు?"

"అదేమిటండీ, ఎదురుగా పెట్టుకుని అడుగుతారు? ఆ అమ్మాయిగారే."

"ఎవరూ కాదనలేదా?"

"మొదట్లో కేసు తేలేదాకానే కదా అని ఊరుకున్నామండి. తర్వాత కాదనాలన్న సంగతే గుర్తు రాలేదు."

"నువ్వు నా సాక్షివిరా," అన్నాడు బాబాయి, పళ్ళ సందుల్లోంచి.

"అవును కదండీ. మీరేగా బస్సులో నిజమే చెప్పమన్నారు."

జడ్జి బాబాయి వైపు తిరిగాడు. "మీరెప్పుడైనా ఈవిడ దగ్గరికి తగువు తీసుకెళ్ళారా?"

"ఒక్కసారండి. పక్కింటివాడితో గోడ తగువు."

"ఎలా తేల్చింది?"

"న్యాయంగానే..." అని బాబాయి నాలుక కరుచుకున్నాడు. అప్పటికే జడ్జి రాసుకుంటున్నాడు.

తీర్పు చదవడం అయ్యాక అమ్మాయి వరండాలోకి వచ్చింది. పెదనాన్న బెంచీ మీద కూర్చుని తువ్వాలుతో విసురుకుంటున్నాడు. పక్కన చేరింది.

"మొదటిరోజే ఈ మాట చెప్పొచ్చుగా పెదనాన్నా?"

"మొదటిరోజే చెబితే ఈ సాక్షే 'ఆడపిల్లా?' అని నవ్వేసి పోయేవాడు. నవ్వడం మర్చిపోవడానికి టైము పడుతుందే."

"నాకైనా చెప్పలేదు."

"చెబితే చెడిపోయేదానివి. టెంపరరీ అనుకున్నావు కాబట్టి ఎవరి మొహమాటమూ పెట్టుకోకుండా ఉన్నదున్నట్టు తేల్చావు. ఉండిపోతానని తెలిసినవాడికి ప్రతివాడూ కావలసినవాడే అవుతాడు." తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "ఇకమీద కూడా రేపు పోయేదానిలాగే చెయ్యి."

అమ్మాయికి కళ్ళు చెమర్చబోయాయి. ఆ లోపలే బస్సొచ్చింది.

బస్సులో పెదనాన్న కిటికీకి తల ఆన్చి నిద్రపోయాడు. బాబాయి చాలాసేపు దూరంగా నిలబడి, జనం తోసుకుంటుంటే చివరికి అమ్మాయి పక్కనే కూర్చోవలసి వచ్చింది.

"పైకోర్టుకి వెళ్తాను. చెబుతున్నాను."

"వెళ్ళండి బాబాయ్."

"నీ మీద కోపం కాదు. అది వేరు."

"సరే బాబాయ్."

బస్సు సగం దారి వచ్చింది. బాబాయి రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"పెరటి కాలువ ఉంది చూడు. పక్కింటివాడు దానికి అడ్డంగా మట్టి పోశాడు. నీళ్ళన్నీ నా వైపు నిలబడిపోతున్నాయి. పాత కక్ష."

"ఆ మట్టి ఎక్కడిది?"

"ఎక్కడిదేమిటి?"

"మీరు కొట్టం పునాది తవ్విన మట్టి వాళ్ళ వైపు వేయించారు. వానకి అది జారింది. తప్పు మీదే బాబాయ్."

"ఇంకా పూర్తిగా చెప్పనేలేదు, తేల్చేస్తావేం?"

అమ్మాయి ఆయన ముఖం చూస్తూ కూర్చుంది. బాబాయి కిటికీలోంచి బయటకు చూశాడు, చేతులు కట్టుకున్నాడు, విప్పాడు. ఊరి మలుపు దగ్గర బస్సు నెమ్మదించింది.

"సరే గానీ," అన్నాడు, "ఎంతవరకు తీయమంటావు ఆ మట్టి?"