నలభై నిమిషాలు ఉంచమన్నాను

2023 మే నెల. నెల్లూరు దగ్గర, సముద్రం ఒడ్డున ఉన్న మైపాడులో బస్సులు ఆగే చోటికి ఎదురుగా, మా ఇంటి ముందు గదిలోనే నా బ్యూటీ పార్లర్. రెండు కుర్చీలు, ఒక పెద్ద అద్దం, మొహానికి ఆవిరి పట్టే స్టీమర్, కిటికీలోంచి ఎప్పుడూ వచ్చే ఉప్పు గాలి. అప్పటికి ఈ పనిలో పద్నాలుగేళ్లు. నెల్లూరులో ఒక పెద్ద పార్లర్‌లో ఆరేళ్లు పనిచేసి, పెళ్లయ్యాక ఇక్కడికొచ్చి సొంతంగా పెట్టుకున్నాను. కనుబొమ్మలు తీయించుకునే కాలేజీ పిల్లల నుంచి పెళ్లికూతుళ్ల దాకా చుట్టుపక్కల వాళ్లంతా నా దగ్గరికే వస్తారు. మొహం చూస్తే చాలు, ఆ పిల్ల చర్మం సంగతి మొత్తం చెప్పేయగలనని కొంచెం పొగరు కూడా ఉండేది.

మా పార్లర్‌లో ఎక్కువమంది అడిగేది బ్లాక్‌హెడ్స్ గురించి. ముక్కు మీద, గడ్డం మీద నల్లటి చుక్కల్లా కనిపిస్తాయే, అవి. అందరూ మురికి అనుకుంటారు గానీ మురికి కాదు. చర్మంలోని సన్నటి రంధ్రంలో జిడ్డు పేరుకుని, గాలి తగిలిన పైభాగం నల్లబడుతుంది. పద్ధతిగా తీయాలంటే ఆవిరి పట్టి, ఎక్స్‌ట్రాక్టర్ అనే చిన్న పుల్లతో ఒక్కొక్కటే నొక్కి తీయాలి. గంట పని, నొప్పి కూడా. అందుకని ఆడపిల్లలకి పీల్-ఆఫ్ మాస్క్ అంటే ప్రాణం. నల్లటి జిగురు ప్యాకెట్‌లో వస్తుంది. పూసుకోవాలి, ఆరనివ్వాలి, పొరలాగా లాగేయాలి. లాగిన పొరని వెలుతురుకి పెట్టి చూసుకుంటే అందులో ముళ్లలాగా చిన్నచిన్నవి అతుక్కుని కనిపిస్తాయి. వాటిని చూసి మురిసిపోతారు. పైది మాత్రమే వస్తుందని, లోపలిది అట్లాగే ఉండి వారం పది రోజుల్లో మళ్లీ నల్లబడుతుందని నాకు తెలుసు. తెలిసే అమ్మేదాన్ని. ఇరవై రూపాయల ప్యాకెట్లు, దండలాగా గోడకి వేలాడుతుండేవి.

ఆ ప్యాకెట్ మీద పదిహేను నిమిషాల్లో ఆరుతుందని రాసుంటుంది. అది రాసినవాడు సముద్రం ఒడ్డున ఎప్పుడూ కూర్చుని ఉండడు. ఇక్కడ ఆరేసిన బట్టలే సాయంత్రానికి చెమ్మగా ఉంటాయి, ఇక జిగురేం ఆరుతుంది? సగం ఆరినదాన్ని లాగితే ముక్కలు ముక్కలై మొహమంతా అంటుకుపోతుంది. అందుకని నేనొక చిట్కా చెప్పేదాన్ని. "మందంగా పుయ్యండి, ఫ్యాన్ కింద కూర్చోండి, మన గాలికి నలభై నిమిషాలు ఉంచాల్సిందే." నాలుగైదేళ్లుగా వందల మందికి చెప్పాను. ఎవరికీ ఏమీ కాలేదు. నా తెలివికి నేనే సంబరపడేదాన్ని.

ఆ వారం బుధవారం నాడు భారతి వచ్చింది. ఇరవై రెండేళ్ల పిల్ల. వాళ్ల నాన్నకి పడవ ఉంది, అమ్మ రమణమ్మ ఎండుచేపల వ్యాపారం చేస్తుంది. ఆదివారం పొద్దున భారతి పెళ్లి, అలంకారం నాదే. రెండు ప్యాకెట్లు కోసి ఇచ్చి, నలభై నిమిషాల సంగతి చెప్పి, పెళ్లికొడుకు పేరు చెప్పి ఏడిపించి పంపేశాను. ఒక్క మాట అడగలేదు. నెల్లూరులో నాకు పని నేర్పినావిడ మొదటి రోజే చెప్పిన మాట, ఎవరి మొహం మీద ఏం పెట్టే ముందైనా అడగాల్సిన మాట.

శుక్రవారం పొద్దున పది దాటింది. ఆటో వచ్చి ఆగింది. చున్నీ మొహం నిండా కప్పుకుని భారతి, చెయ్యి పట్టుకుని రమణమ్మ లోపలికి వచ్చారు. చున్నీ తీస్తే మొహమంతా నల్లటి తొడుగు. నుదురు, కనుబొమ్మలు, పైపెదవి, గడ్డం, ఏదీ వదల్లేదు. కుడి బుగ్గ దగ్గర మాత్రం కొంచెం లాగి వదిలేసినట్టుంది. అక్కడ బొటనవేలంత మేర ఎర్రగా, తడిగా మెరుస్తోంది.

కిటికీ వెలుతురు పడే కుర్చీలో కూర్చోబెట్టాను.

"రాలేదు రూతమ్మా. మొదటిది ఆరలేదని రెండో ప్యాకెట్ కూడా పూసి, ఎండలో కూర్చుంది. లాగితే ఏడుస్తా ఉండాది. నువ్వైతే ఒక్కసారి లాగేస్తావని తీసుకొచ్చినా," అంది రమణమ్మ.

భారతి మాట్లాడలేకపోతోంది. పెదవులు కదిపితే పొర బిగుస్తోంది. కళ్లలోంచి నీళ్లు మాత్రం ఆ నల్లపొర మీదుగా కారుతున్నాయి.

గడ్డం కింద ఒక అంచుని గోటితో కొంచెం లేపి చూశాను. మామూలుగా అయితే చర్మం సాగి వదులుతుంది. ఇక్కడ పొరతోపాటు చర్మమే లేస్తోంది. వెంటనే వదిలేశాను. రమణమ్మ వైపు చూడకుండా తువ్వాలు మడత పెట్టాను. పద్నాలుగేళ్లలో ఇట్లా ఎప్పుడూ చూడలేదు. రెండు పూతలు పూసినా, ఎండలో కూర్చున్నా, మామూలు చర్మం ఇట్లా ఊడిరాదు. ఏదో ఉంది, అది తల్లి ముందు చెప్పదు.

"అక్కా, కొబ్బరినూనె కావాల, నా దగ్గర అయిపోయింది. కొత్త సీసా, సీల్ తీయనిది తీసుకురా," అని రమణమ్మని పంపేశాను. అలమరలో రెండు సీసాలు ఉన్నాయి.

తలుపు దగ్గరగా వేసి అడిగాను. "మొహానికి ఏం రాస్తా ఉండావు?"

"ఏం లేదక్కా," అంది పెదవులు కదపకుండా.

"ఎండలోకి పోతే మంట పుడతా ఉండాదా?"

చున్నీ అంచు వేలికి చుట్టుకుంది.

"భారతీ, నేను మీ అమ్మకి చెప్పను. కానీ నాకు తెలియకుండా దీన్ని తీస్తే నీ మొహం ఊడొస్తది. ఏం రాస్తా ఉండావు?"

అప్పుడు చెప్పింది. మందుల షాపులో దొరికే ట్యూబు. నాలుగు నెలల నుంచి, రోజూ రాత్రిపూట. వాళ్ల వీధిలో ఆడపిల్లలు చాలామంది అదే రాస్తారట. "పెళ్లికొడుకోళ్లు ఫోటో చూసి వచ్చినారక్కా. ఫోటోలో తెల్లగా ఉండా. అది ఫోన్‌లో తెలుపు చేసిన ఫోటో. పెళ్లినాటికి అట్టా ఉండాల గదా."

ఆ మాటకి నాకు కోపం, ఏడుపు రెండూ కలిసి వచ్చాయి. అమ్మతో ఇసుక మీద చేపలు ఆరేసి పెరిగిన పిల్ల, నాలుగు నెలలుగా తన ఫోటోని అందుకోవాలని చూస్తోంది.

ఆ ట్యూబుల్లో స్టెరాయిడ్ ఉంటుంది. మచ్చలకి డాక్టర్లు రాసిచ్చే మందు, అదీ కొన్నాళ్లకే. అడిగేవాళ్లు లేక నెలల తరబడి రాస్తే మొదట్లో మొహం తెల్లబడినట్టే ఉంటుంది. లోపల చర్మం మాత్రం ఉల్లిపాయ లోపొరలాగా పలచబడిపోతుంది. దాని మీద రెండు పూతల జిగురు, నలభై నిమిషాలు, పైన మే నెల ఎండ.

ఇక లాగే ప్రసక్తి లేదు. కరిగించాలి. ఈ మాస్కుల్లో ఉండేది నీళ్లకి లొంగే జిగురే, కాకపోతే టైం పడుతుంది. స్టీమర్ వైపు చెయ్యి పోయింది గానీ ఆపుకున్నాను, పలచబడ్డ చర్మం ఆ వేడికి కాలుతుంది. గోరువెచ్చటి నీళ్లలో పాత నూలుగుడ్డలు ముంచి, పిండకుండా మొహం మీద పరిచాను. చల్లారితే తీసి ఇంకోటి. రుద్దడం లేదు, గోకడం లేదు. పావుగంటకి అంచులు తెల్లగా ఉబ్బి జావలాగా అయ్యాయి. తడి దూదితో అద్ది అద్ది తీయడం మొదలుపెట్టాను. ఒక్కో అద్దుకి గోరంత వచ్చేది. రమణమ్మ నూనె తెచ్చి మూలన కూర్చుంది.

కనుబొమ్మల దగ్గర అన్నిటికన్నా కష్టం. పూర్తిగా జిగురులో ఇరుక్కున్నాయి. నూనె పట్టించి, చిన్న బ్రష్షుతో వెంట్రుక పోయేవైపే దువ్వుతూ కూర్చున్నాను. నా మెడ పట్టేసింది. మధ్యలో భారతి, "కనుబొమ్మలు ఉండాయా అక్కా?" అని అడిగింది. "ఉండాయి," అన్నాను. అప్పటికి నాకు ఇంకా తెలియదు.

సగం పైన అయ్యేసరికి కోటమ్మ వచ్చింది. భారతి మేనత్త, ఇంటి ఆడబిడ్డ. మర్నాడు పొద్దున పెళ్లికూతుర్ని చేసే తంతు, నలుగు పెట్టేది ఆవిడే. ఆవిడ ముందు ఊళ్లో ఎవరూ ఎదురు మాట్లాడరు.

"ఏందిది, ఇంతసేపు? చేపకి పొలుసు తీసినట్టు లాగితే పోయేదానికి," అంటూనే వచ్చి, ఎడమ బుగ్గ మీద లేచిన అంచు పట్టుకుంది.

నేను ఆవిడ మణికట్టు పట్టేసుకున్నాను, గట్టిగానే. గాజు ఒకటి చిట్లింది.

"ముట్టుకోబాక అత్తా. తోలు ఊడొస్తది."

ఆవిడ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. చెయ్యి వదిలించుకుని, గాజు ముక్క ఏరుకుని రమణమ్మ పక్కన కూర్చుంది. నేను మళ్లీ గుడ్డ నీళ్లలో ముంచాను.

మొత్తం తీసేసరికి పన్నెండు అయింది. కనుబొమ్మలు నిలిచాయి. కుడి బుగ్గ మీద ఒకటి, పైపెదవి మీద ఒకటి పచ్చిపుండ్లు. మిగతా మొహమంతా ఎర్రగా కమిలి, సన్నటి నరాలు కనిపిస్తున్నాయి. భారతి అద్దం అడిగింది. ఇచ్చాను. చూసి, బోర్లించి ఒళ్లో పెట్టుకుంది.

"రేపటికి తగ్గిపోతది. నలుగు పెడితే అదే చల్లబడతది," అంది కోటమ్మ.

నలుగంటే ఏంటో నాకు తెలుసు. శనగపిండి, పసుపు, నూనె కలిపి మట్టి రాలేదాకా రుద్దుతారు. ఆ చర్మం మీద అది పడితే మిగిలింది కూడా పోతుంది, జన్మకి మచ్చ మిగులుతుంది. వద్దంటే ఎందుకని అడుగుతారు. ఎందుకని చెప్పాలంటే ట్యూబు సంగతి చెప్పాలి. చెప్పనని ఆ పిల్లకి మాటిచ్చాను. పైగా నేను చర్చికి పోయేదాన్ని, మా అమ్మ ఇంట్లో నలుగు లేదు. మేనత్త చేతి నలుగు ఆపడానికి నువ్వెవరు అంటారు.

తప్పంతా ట్యూబుదే అనడం తేలిక. అది నిజం కూడా, సగం నిజం. మిగతా సగం నాదే కాబట్టి దాన్నే చెప్పాను.

"తప్పు నాది అత్తా. ప్యాకెట్లు ఇచ్చింది నేను. మందంగా పూసి నలభై నిమిషాలు ఉంచమన్నది నేను. ఇచ్చే ముందు అడగాల్సింది అడగలేదు. నన్ను ఏమన్నా అనండి, పడతాను. మొహానికి మాత్రం నలుగు వద్దు. ఇప్పుడే నెల్లూరు పోయి చర్మం డాక్టరుకి చూపించాల."

కోటమ్మ నోరు తెరిచేలోపు భారతి అంది. "ఆమెది కాదత్తా. నేను నాలుగు నెలల నుంచి తెల్లబడే క్రీమ్ రాస్తా ఉండా. అమ్మకి తెలీదు."

రమణమ్మ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. లేచి వచ్చి కూతురి తల తన కడుపుకి ఆనించుకుని, మొహానికి తగలకుండా చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నా పోలికే గదే నువ్వు," అంది. అంతే అంది.

కోటమ్మ చేతిలోని గాజు ముక్క కొంగున ముడేసుకుంది. తర్వాత నాతోనే అంది. "నలుగు కాళ్లకీ చేతులకీ పెడతా. మొహానికి వద్దులే. బుగ్గ చుక్క మాత్రం తప్పదు. యాడ పెట్టమంటావో నువ్వే చూపించు."

ఎడమ దవడ కింద, పుండు లేని చోట వేలు పెట్టి చూపించాను.

ఆ మధ్యాహ్నం నెల్లూరులో డాక్టరమ్మ లేపనం రాసిచ్చి, మేకప్ అంటే ఒప్పుకోనంది. క్రీమ్ ఎట్లా మానాలో తను చెప్పినట్టే చేయాలంది. నేను తీసుకెళ్లిన మాస్క్ ప్యాకెట్ చూసి, నన్ను చూసి, "మీరు అడిగి ఉంటే ఇంతవరకు వచ్చేది కాదు," అంది. డాక్టరు తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. ఆదివారం పెళ్లిలో జడ వేశాను, పూలు పెట్టాను, కాటుక దిద్దాను. మొహం జోలికి పోలేదు. ఎర్రగా కమిలిన మొహంతోనే భారతి పీటల మీద కూర్చుంది. పెళ్లికొడుకు తల వంచి ఏదో అడగడం, ఈ పిల్ల అడ్డంగా తల ఊపడం దూరం నుంచి చూశాను. మంట పుడుతోందా అని అడిగాడట. తర్వాత రమణమ్మ చెప్పింది.

ప్యాకెట్ల దండ ఆ రోజే గోడ మీద నుంచి తీసేశాను. ఈ పనిలో చేతి నైపుణ్యం కన్నా ముందు నోరు ఉపయోగించాలని పద్నాలుగేళ్ల తర్వాత నేర్చుకున్నాను. ఇప్పుడు కుర్చీలో ఎవరు కూర్చున్నా, కనుబొమ్మలకి వచ్చినా సరే, మొదట అడుగుతాను. మొహానికి ఏం రాస్తున్నారు, ఎన్నాళ్ల నుంచి, ఎవరు చెప్పారు. విసుక్కుని వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు. పోనీ.

నిరుడు భారతి వచ్చింది, కనుబొమ్మలకి. వాళ్లమ్మ రంగులో, ఎండ పడ్డ మొహంతో, కుడి బుగ్గ మీద సన్నటి మచ్చతో. కూర్చుంటూనే, నేను నోరు తెరవకముందే నవ్వుతూ అంది. "ఏం రాయట్లేదక్కా."

ఆ రోజు కూడా మొదట ఇట్లాంటి మాటే చెప్పింది. అందుకని నేను ఇంకోసారి అడిగాను.