ఇరవై ఒక్క దినాల మందు

ఈ బరువు ఇన్నేళ్లు ఎట్లా మోశానో నాకే తెలియదు. పైకి నేను పరువుగల మనిషిని. కర్నూల్లో పాత డాక్టరును. నేను నాడి పట్టుకుంటే సగం జ్వరం దిగుతుందనేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లకు చెప్పలేనిది మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

అవి కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. గుడారాల్లో సర్కారు కచేరీలు, ఊరినిండా కొత్త ఆఫీసర్లు. నేను చదివింది ఎల్.ఎం.పి., చిన్న డాక్టరీ. అయినా ఊరి వైద్య సంఘానికి కార్యదర్శిని నేనే. కలరా సూదులు ఎక్కడ వేస్తారో, నీళ్లు ఎందుకు కాచి తాగాలో పత్రికకు రాసి పంపడం నా పని. ఏ డాక్టరూ తన గొప్ప తాను పత్రికలో వేయించుకోకుండా కనిపెట్టి ఉండటమూ నా పనే. ఆ నియమం తప్పినవాణ్ణి సంఘం నుంచి తీసేస్తారు.

అప్పుడే చెన్నకేశవులు వచ్చాడు. మద్రాసులో ఎం.బి.బి.ఎస్. చదివాడు. నాకంటే పదేళ్లు చిన్న. మొదట్లో మా మధ్య ఏమీ లేదు. కోడుమూరు బట్టల షావుకారు కోడలికి జ్వరం వచ్చింది. మలేరియా అనుకుని పది రోజులు కొయినా, అదే క్వినైన్ మందు, పట్టించాను. తగ్గలేదు. నాకు చెప్పకుండా వాళ్లు అతన్ని పిలిపించారు. నేను వెళ్లేసరికి మంచం పక్కన కూర్చుని ఉన్నాడు. నన్ను పక్కకు పిలవలేదు, గొంతు తగ్గించలేదు. "ఇది టైఫాయిడప్పా. పది దినాల నుంచి కొయినా పోసి పిల్లను చంపుతాండావు," అన్నాడు. నా మందుసీసా తీసుకుపోయి వీధి కాలవలో ఒంపేశాడు. షావుకారు, ఆయన తమ్ముళ్లు, ఇంటి ఆడవాళ్లు, అందరూ చూశారు.

ఆ అమ్మాయి బతికింది. అతను చెప్పిందే నిజం. ఆ సంగతి నాకు ఆ క్షణంలోనే తెలుసు. అందుకే అంత మండింది. తప్పు అతనిదై ఉంటే ఎప్పుడో మరచిపోయేవాణ్ణేమో. నెల తిరక్కుండానే బజారులో నాకు కొత్త పేరు పడింది, కొయినా డాక్టరని. ఆఫీసర్ల ఇళ్ల నుంచి కబుర్లు రావడం మానేశాయి. అతను మాత్రం ఎదురుపడితే ఏమీ జరగనట్టే నమస్కారం పెట్టేవాడు.

వెంటనే కొడితే ఎవరు కొట్టిందీ తెలిసిపోతుంది. ఎనిమిది నెలలు ఓపిక పట్టాను. ఆ ఎనిమిది నెలలూ ఎంత హాయిగా గడిచాయో చెప్పడానికి సిగ్గుగా ఉంది. మనసులో ఒక పని పెట్టుకున్నవాడికి ఆకలి బాగా వేస్తుంది.

చివరికి, జబ్బు నయమైన ఒక రోగి రాసినట్టు ఉత్తరం రాశాను. "క్షయతో చావుకు దగ్గరైన నన్ను డాక్టరు చెన్నకేశవులు గారు ఇరవై ఒక్క దినాల్లో బాగు చేశారు. ఇక ఎవరూ ఆసుపత్రుల్లో నెలల తరబడి పడి ఉండనక్కరలేదు." కింద అతని వైద్యశాల చిరునామా. నా రాత తెలియకుండా ఎడమ చేత్తో రాశాను. రాజంపేటలో పెళ్లికి పోయినప్పుడు అక్కడి తపాలా పెట్టెలో వేశాను. మా ఊరి వారపత్రిక దాన్ని అట్లాగే అచ్చువేసింది.

ఆ పత్రికను సంఘం సమావేశంలో బల్ల మీద పరిచింది కూడా నేనే. ముఖంలో బాధ చూపించాను. చెన్నకేశవులు లేచి, తాను రాయించలేదని తల్లి మీద ప్రమాణం చేశాడు. మరి నీ శత్రువులు నిన్ను పొగిడారా అని ఒక పెద్దాయన నవ్వాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అతన్ని సంఘం నుంచి తొలగించే తీర్మానం నా చేతిరాతతోనే ఉంది. ఆ పూట ఇంటికి పోయి మారు వడ్డించుకుని తిన్నాను.

ఇంతటితో ఆగినా బాగుండేది. అట్లాంటి మందేదీ లేదని వచ్చే వారమే పత్రికలో ఖండన వేయించమని పెద్దలు నాకు చెప్పారు. నేను వేయించలేదు. అతని పరువు ఇంకో వారం పోనీ అనుకున్నాను. ఆ తర్వాత ఇంకో వారం. ఆ అబద్ధాన్ని అతనికి తప్ప ఇంకెవరికీ తగలని రాయి అనుకున్నానా? రోగులు కూడా పత్రిక చదువుతారని నాకు తెలియదా?

మూడో వారంలో ఒక మధ్యాహ్నం బద్వేలు వైపు నుంచి ఒక రైతు, సంఘం కార్యదర్శిని నేనని విని, మా ఇంటికి వచ్చాడు. చేతిలో ఆ పత్రిక ముక్క ఉంది.

"సామీ, ఈ ఇరవై ఒక్క దినాల మందు యాడ దొరుకుతాది?"

"అట్లాంటి మందు లేదప్పా."

"ఆ డాక్టరప్పా అదే అంటాండాడు. మా ఊరి బడి అయివారు చదివి చెప్తే, ఆసుపత్రిలో ఉండే నా పెండ్లాన్ని ఇడిపించుకోని వస్తి."

"మళ్లా ఆడికే తీసకపో."

"ఆ మంచం ఇంగొకరికి ఇచ్చేసినారంట సామీ. ఈ అబద్ధం రాస్తే ఆయప్పకు ఏమొస్తాది?"

ఆ క్షణంలో చెప్పి ఉండవచ్చు. మేమిద్దరమే ఉన్నాం. ఏమన్నానో తెలుసా?

"పేరు కోసమప్పా. ఆయన అట్లాంటోడే," అన్నాను.

అతను తల అడ్డంగా ఊపాడు. "అట్ల అగపడల్యా సామీ. మమ్మల్ని ఆయప్ప ఇంట్లోనే పెట్టుకున్నాడు. శానా బాగా చూస్తాండాడు."

అతను వచ్చిపోయిన ఎనిమిదో రోజున ఆమె చెన్నకేశవులు ఇంటి ముందుగదిలోనే చనిపోయింది. ఆమెను నేను చూడలేదు. ఆమె పేరు అడగలేదు. మర్నాడు ఖండన రాసి పంపాను. మూడు వరుసలు. రెండు నెలలకు అతను ఇల్లు ఖాళీ చేసి కడపకు వెళ్లిపోయాడు. నా రోగులు నాకు తిరిగి వచ్చారు.

ఆసుపత్రిలోనే ఉంటే ఆమె బతికేదా? బతికేది కాదేమోనని నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను. డాక్టర్ని కదా, ఇట్లాంటి ఓదార్పులు నాకు బాగా వచ్చు. నా మీద మాత్రం అవి పనిచేయలేదు.

పోయిన ఏడు చెన్నకేశవులు కడపలో కాలం చేశాడు. కబురు విన్నప్పుడు నాలో మొదట కదిలింది దుఃఖం కాదు. పాత కోపమే. అందరి ముందూ నన్ను అట్లా అని ఉండకూడదు కదా అనే అనుకున్నాను. ఆమె ఆ తర్వాత గుర్తొచ్చింది. ఇది దాచిపెట్టి మిగతాది చెబితే చెప్పినట్టు కాదు.

క్షమించమని అడగడం లేదు. అడగవలసినవాళ్లలో ఇద్దరు లేరు. మూడో మనిషి ఎక్కడున్నాడో తెలియదు, వెతకలేదు కూడా. ఆ ఉత్తరం రాసింది నేను. ఖండన ఆపింది నేను. ఇన్నేళ్లూ ఈ సంగతి నాకొక్కడికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు. ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది.