విమానం సంగతి ఆవిణ్ణి అడిగినవాళ్లు

పెద్ద టీచరుగారు పోయారని ఆస్పత్రి నుంచి ఆయా వచ్చి చెప్పేసరికి నేను బియ్యంలో రాళ్లు ఏరుకుంటున్నాను. చాలా రోజులుగా మంచం మీదే ఉన్నారు కాబట్టి ఆశ్చర్యపోవడానికేమీ లేదు. అయినా చాట పక్కన పెట్టి అలాగే కూర్చుండిపోయాను. బందరులో ఒకే లోగిలిలో పక్కపక్క వాటాల్లో ఉండేవాళ్లం, ఒకే మిషను స్కూల్లో పనిచేశాం. ఆవిడ నాకు అక్క కాదు, అత్త కాదు, మా మతాలు కూడా వేరు. మీకు ఎవరు పోయారమ్మా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో నాకు తోచడం లేదు.

సాయంత్రం సమాధుల దొడ్లో ఒక పెద్దమనిషి నా పక్కకు చేరాడు. గొంతు తగ్గించి, "ఇంతకీ ఆయన విమానం నడిపినట్టా, లేనట్టా అమ్మా? ఆవిడ మీతో అనే ఉంటారు" అన్నాడు. అప్పటికి గోతిలో మట్టి వెయ్యడం కూడా పూర్తికాలేదు. నాకు కోపం రావలసింది, రాలేదు. ఆ ప్రశ్న విని విని ఉన్న కోపమంతా ఎప్పుడో అరిగిపోయింది. తెలియదండీ అని తప్పుకున్నాను.

ఈ విమానం గొడవ తెలియని పాఠకులకు రెండు ముక్కలు చెప్పాలి. దివిసీమలో, హంసలదీవి వెళ్లే దారిలోని ఒక పల్లె నుంచి వచ్చిన నాయకుడుగారు ఒకరుండేవారు. పేరు ఇప్పుడెందుకు లెండి. మొదటి ఎన్నికల నుంచీ నిలబడుతూనే ఉన్నారు. ఒకసారి గెలిచారు, మిగతావన్నీ ఓడారు. రెండో ప్రపంచయుద్ధంలో తాను విమానం నడిపానని సభల్లో చెప్పేవారు. కరపత్రాల మీద విమానం బొమ్మ వేయించేవారు. ఇంకేముంది, మురుగు కాలవలూ ఉప్పెక్కిన పొలాలూ వదిలేసి ఊళ్లకు ఊళ్లు ఆ విమానం వెనక పడ్డాయి.

గుడివాడ స్టేషన్లో రైలు కోసం నిలబడ్డవాళ్లది అదే మాట, బందరు కాఫీ హోటల్లో అదే మాట. కళ్లజోడున్నవాడి చేతికి విమానం ఎవడిస్తాడని ఒకడంటే, జోడు తర్వాత వచ్చిందని ఇంకొకడు. పాయ దాటేటప్పుడు పడవలో కళ్లు మూసుకుని కూర్చునే మనిషి ఆకాశంలో ఎగిరాడంటే ఎలా నమ్మమంటారని ఎదుటిపక్షం. నీళ్లంటే భయమున్నవాడికి గాలన్నా భయముండాలని ఎక్కడుందని ఈ పక్షం. పెట్రోలు పోసేవాడన్నారు, గిడ్డంగిలో డబ్బాలు చూసుకునేవాడన్నారు. ఒక పెళ్లిలో వియ్యాలవారు ఇదే విషయం మీద మాటామాటా అనుకుని విస్తళ్ల ముందు నుంచి లేచిపోయారు కూడా. ఎవరి ఖర్మ వాళ్లది అనుకుని ఊరుకోవడమే.

ఇందులోకి మా టీచరుగారిని లాగడానికి కారణం ఉంది. ఆవిడ భర్త నిజంగానే విమానదళంలో పనిచేశారు. విమానంలో కూర్చుని వైర్‌లెస్ చూసుకునే పని. బర్మా వైపు వెళ్లిన విమానం తిరిగి రాలేదు. జాడ తెలియలేదని సర్కారువారు కబురు పంపారు, అంతే. నాయకుడుగారేమో బందరు బిడ్డ ఒకడు తన ఒళ్లోనే ప్రాణం వదిలాడని ప్రతి సభలోనూ చెప్పేవారు. దాంతో రెండు పక్షాలవాళ్లూ ఆవిడ గుమ్మం తొక్కడం మొదలుపెట్టారు. వీళ్లు వచ్చి వేదిక మీద కూర్చోమంటారు, దండ వేస్తామంటారు. వాళ్లు వచ్చి, మా ఆయన ఈయన పేరే ఎత్తలేదని గుడివాడ సభలో ఒక్క మాట చెప్తే చాలంటారు. ఇద్దరికీ మజ్జిగ ఇచ్చి, పిల్లల కాంపోజిషన్లు దిద్దుకోవాలండీ అని పంపేసేవారు ఆవిడ. ఓట్లు పడ్డాక ఆ అరుగు వైపు తొంగిచూసిన నాథుడు లేడు.

ఆవిడ పక్కన బతకడం తేలికేమీ కాదు. నా కూరలో ఉప్పెక్కువైతే ఎక్కువైందనే అనేవారు. కొత్త చీర కట్టుకుని చూపించబోతే, రంగు నీకు నప్పలేదమ్మా అని మొహం మీదే చెప్పేవారు. స్కూల్లో మిగిలిన సుద్దముక్కలు కొంగున కట్టుకుని మరిచిపోయి ఇంటికి తెచ్చినా, మర్నాడు జాగ్రత్తగా వెనక్కి పట్టుకెళ్లేవారు, ఎక్కడ తన ఇంట్లో ఉండిపోతాయోనని. పరీక్షల ముందు పిల్లలకు ఒకటే మాట: "తెలియకపోతే తెలియదని రాయండి, అర మార్కు వేస్తాను. అల్లి రాశారో, సున్న." అన్నంతా చేసేవారు. పిల్లలు ఏడ్చేవారు, తల్లులు నా దగ్గరకొచ్చి మొరపెట్టుకునేవారు. నేను చెప్తే వినే మనిషా ఆవిడ!

సమాధుల పండక్కి చర్చివాళ్లంతా తమ సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆవిడకు వెయ్యడానికి సమాధి లేదు. అందుకని దిక్కులేని పాత సమాధి ఒకటి చూసుకుని దాన్ని శుభ్రంగా కడిగి సున్నం వేసేవారు. ఎవరిదండీ అది అంటే, ఎవరిదో, చదవడానికి అక్షరాలు చెరిగిపోయాయి అనేవారు.

ఇంత నిక్కచ్చి మనిషి ఆ నాయకుడుగారి విషయంలో మాత్రం నోరెందుకు కట్టేసుకున్నారో నాకు అంతుబట్టేది కాదు. అవునంటే ఒక పక్షం నోరు మూతపడుతుంది, కాదంటే ఇంకో పక్షం. ఏదో ఒకటి చెప్పేసి వదిలించుకోవచ్చుగా. ఒకటి రెండుసార్లు అడిగాను కూడా. నువ్వూ మొదలుపెట్టావా అన్నట్టు చూసి, కళ్లు దించుకుని దిద్దుకునేవారు.

చివరికి నాయకుడుగారు కాలం చేశారు. గుడివాడలో సంతాపసభ పెట్టారు. ఎవరో వక్త ఆకాశవీరుడని అనగానే వెనక బెంచీల్లో కిసుక్కున నవ్వులట. పెద్దకొడుకు లేచి వాళ్ల మీదకు వెళ్లాడట, పెద్దలు పట్టుకుని కూర్చోబెట్టారట. ఈ సంగతి మా స్టాఫ్ రూములో ఎవరో నవ్వుతూ చెప్తుంటే టీచరుగారు విన్నారు. ఆదివారం ప్రార్థన నుంచి వచ్చి, ఆయన భార్యను పలకరించి రావాలి, తోడొస్తావా అని నన్నడిగారు. సరేనన్నాను. ఆ ఇల్లాలు కూడా నిరుడు కాలం చేసింది. ఇక ఎవరినీ నొప్పించడం ఉండదు కాబట్టే ఈ తర్వాత జరిగింది రాస్తున్నాను.

బస్సులో ఆవిడే మొదలుపెట్టారు. యుద్ధం ముగిశాక ఒక వానాకాలం ఈ నాయకుడే ఆవిణ్ణి వెతుక్కుంటూ వచ్చాడట. అప్పటికి నాయకుడు కాదు, బక్కపల్చటి కుర్రాడు. తడిసిన బట్టలతో అరుగు మీద కూర్చుని ఏడ్చాడట. ఇద్దరం ఒకే విమానంలో ఉన్నాం, కూలాక మీ ఆయన తల నా ఒళ్లో పెట్టుకున్నాను, బాధ పడలేదు, ఆఖర్న నోట్లో తులసినీళ్లు పోశాను అని చెప్పాడట. ఇదంతా నాకు మామూలుగానే వినిపించింది. మా ఇళ్లల్లో పోయేవాళ్లకు పోసేవి అవేగా.

టీచరుగారు నా మొహం చూసి, "మాలో తులసినీళ్లు పోస్తారటమ్మా?" అన్నారు.

అవును కదా అనుకుని ఆవిడ వైపు తిరిగాను.

"ఆయన విమానం నడిపాడో లేదో నాకు తెలియదు. ఈ మాట అబద్ధమని మాత్రం ఆ రోజే తెలుసు. వాళ్లింట్లో మనిషి పోతే ఏం చేస్తారో, అదే మా ఆయనకూ చేశానని చెప్పాడు పాపం. అంతకన్నా ఓదార్పు ఆ కుర్రాడికి తెలియలేదు."

"మరి ఇన్నేళ్లూ ఎందుకండీ ఆ నస భరించడం? అబద్ధమని ఒక్క మాట చెప్పేస్తే పోయేదిగా."

"నా నోటితో నేనే అబద్ధమన్నాననుకో, ఇక పోయేటప్పుడు మా ఆయన పక్కన ఎవరూ లేనట్టేగా" అన్నారు. అని కిటికీ వైపు తిరిగిపోయారు. నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. పక్క సీటావిడ ఏమైందమ్మా అని అడిగితే కళ్లలో దుమ్ము పడిందన్నాను.

పాయ దాటి, బండి మాట్లాడుకుని ఆ ఊరు చేరేసరికి ఎండ బాగా ముదిరింది. మమ్మల్ని అరుగు మీద చాప వేసి కూర్చోబెట్టారు. నాయకుడుగారి భార్య గడపకు లోపల, గోడకు ఆనుకుని కూర్చుంది. మమ్మల్ని చూసి కాసేపు ఏడ్చింది. పరామర్శకు వచ్చినవాళ్లతో మాట్లాడి మాట్లాడి ఆవిడా అలిసిపోయి ఉంది. అప్పుడు తల ఎత్తకుండానే అడిగింది.

"మీ ఆయనగారు అక్కడున్నారు కదా. మీరైనా చెప్పండమ్మా, ఈయన నిజంగా విమానం నడిపారా? ఇన్నాళ్లు కాపురం చేసి నేను అడగలేదు. అడిగితే నేనూ నమ్మనట్టవుతుందని భయం."

టీచరుగారి సంగతి నాకు తెలుసు. తెలియదనే చెప్తారు, ఇంకో మాట రాదు ఆ నోటి నుంచి. లేచి ఏదో వంకతో మాట మార్చేద్దామనుకున్నాను. అంతలో ఆవిడ కొంగు సర్దుకుని, క్లాసులో పాఠం మొదలుపెట్టే గొంతుతో అన్నారు:

"నడిపారమ్మా. మా ఆయన సెలవుకొచ్చినప్పుడు చెప్పారు. దివి కుర్రాడొకడున్నాడు, వాడు విమానం దించితే కుండలో నీళ్లు కూడా తొణకవన్నారు."

ఆ ఇల్లాలు తల ఎత్తింది. అమ్మాయ్ అని లోపల్నుంచి కోడళ్లను పిలిచింది. వాళ్లు తడిచేతులతో వచ్చి నిలబడ్డాక, మళ్లీ ఒక్కసారి చెప్పండమ్మా అంది. టీచరుగారు మళ్లీ చెప్పారు. రెండోసారి మబ్బులు కూడా చేర్చారు. మబ్బుల్లో దారి తప్పితే ఈయనే అందరికీ దారి చూపేవారని చెప్పారు. ఆ మాట వింటూ ఆ ఇల్లాలు ఏడ్చిన ఏడుపు వేరు, మేం వచ్చినప్పుడు ఏడ్చింది వేరు. లేచి వచ్చి టీచరుగారి చెయ్యి పట్టుకుని గడప దాటించి, వంటింటి పక్క గదిలో ఆకు వేసి, దగ్గరుండి వడ్డించింది.

వెళ్లొస్తామని బయల్దేరాం. రేవు దాకా నడిచే వెళ్దామన్నారు టీచరుగారు. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఆ ఒక్క పూటలోనే ఆవిడ ముసలివారైపోయినట్టనిపించింది. మలుపు దగ్గర నేను వెనక్కి తిరిగి చూశాను. ఆ ఇల్లాలు వాకిట్లోకి వచ్చి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని, తల బాగా పైకెత్తి ఆకాశంలోకి చూస్తూ నిలబడి ఉంది.