పార్సిల్ గదిలో పిల్లలు

ఆమె గొంతు విప్పితే బస్సు చివరి సీట్లో కునికేవాడు కూడా ఉలిక్కిపడి లేచేవాడు. అందుకే డిపోలో అందరూ ఆమెను గంటక్క అనేవారు. కండక్టరుగా తొమ్మిదేళ్ల సర్వీసు. చిల్లర లేదని దబాయించేవాళ్లను దారికి తేవడం ఆమెకు మంచినీళ్లు తాగినంత తేలిక.

అలాంటి మనిషికి రెండున్నరేళ్ల కొడుకును పగలు ఎక్కడ ఉంచాలో తెలియక కాళ్లూ చేతులూ ఆడలేదు. అప్పటిదాకా వాణ్ని చూసుకున్న అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయింది. భర్తకు ఫ్యాక్టరీలో పగటి పని. మంచి డే కేర్ ఒకటి దొరికింది కానీ, ఫీజు ఆమె జీతంలో సగం. పైగా ఆరింటికల్లా తలుపులు మూసేస్తారు. ఆమె డ్యూటీ దిగేది ఎనిమిదికి. చవకైన చోట చేర్చి, నాలుగో రోజు మధ్యాహ్నం చెప్పకుండా వెళ్లి చూసింది. ఇరవై మంది పిల్లలు, ఒక్క ఆయా, హోరెత్తుతున్న టీవీ. కొడుకు తడిసిన నిక్కరుతో గోడవైపు తిరిగి కూర్చున్నాడు. వాణ్ని ఎత్తుకుని వచ్చేసింది.

మర్నాడు వాణ్ని చంకనేసుకునే డిపో మేనేజర్ గదిలోకి నడిచింది.

"సార్, పాత పార్సిల్ గది ఊరికే పడుంది. మా పిల్లలకిచ్చేయండి."

"ఇది బస్సు డిపోనా, పిల్లల బడా?"

"పోయిన నెల వచ్చిన సెలవు చీటీలు తీయండి సార్. పిల్లల్ని చూసేవాళ్లు లేక పెట్టినవి ఎన్నో మీరే చెప్పండి."

ఆయన తిరగేశాడు. ముప్పై ఒకటిలో పద్నాలుగు. అందులో డ్రైవర్లవీ ఉన్నాయి, మెకానిక్‌దీ ఉంది.

"ఒక్క నెల చూస్తా. ఏడుపులు నా గదిలోకి వినపడకూడదు."

"నా గొంతే భరిస్తున్నారు కదా సార్, వాళ్లదెంత!"

గదికి సున్నం వేశారు. మెకానిక్ పాత సీట్ల స్పాంజితో పరుపులు కుట్టించాడు. ఏడు కుటుంబాలు తలా కొంత వేసుకుని, పిల్లల సంరక్షణలో శిక్షణ పొందిన ఒక పెద్దావిడను, ఆమెకు తోడుగా ఒక ఆయాను పెట్టుకున్నారు.

"టీవీ పెడితే నేను రాను. చివరి బిడ్డ వెళ్లేదాకా నేను కదలను," అంది పెద్దావిడ.

మొదటి రోజు కొడుకు గుక్కపట్టి ఏడ్చాడు. ఆ ట్రిప్పులో గంటక్క ఒకాయనకు రెండు టికెట్లు ఎక్కువ కొట్టి తిట్లు తింది. విరామంలో పరుగున వెళ్లి కిటికీలోంచి తొంగి చూస్తే, వాడు అట్టపెట్టె బస్సుకు శ్రద్ధగా చక్రాలు అంటిస్తున్నాడు.

నెల గడువు మాట మేనేజర్ మళ్లీ ఎత్తలేదు. ఏడాది తిరిగేసరికి పక్క గది కూడా ఇచ్చాడు. ఇప్పుడక్కడ పద్దెనిమిది మంది పిల్లలు. మొన్న ఇంకో డిపో నుంచి ముగ్గురు ఆడవాళ్లు చూసి వెళ్దామని వచ్చారు.

"మా సారు ఒప్పుకోడేమో అక్కా," అంది ఒకామె.

గంటక్క టికెట్ల సంచీ భుజానికి తగిలించుకుంది. "గురువారం నాకు సెలవు. ఆయన ఎన్నింటికి వస్తాడో చెప్పండి, నేనొస్తా."