రౌటరు తప్పిన తాళం

మా పక్కింటి అనూరాధ టీచరుది విజయనగరం పాతకాలపు పద్ధతి. ఫిడేలు నేర్చుకునే పిల్ల తాళం తప్పిందా, వర్ణాల దాకా వచ్చినా సరే, మళ్లీ మొదటి మెట్టుకి, సరళీ వరసలకి దిగాల్సిందే. బాగా వాయిస్తే మెచ్చుకోవడం మాత్రం ఉండదు. మెచ్చుకుంటే కళ్లు నెత్తికెక్కుతాయట. వింటే నాకు ఒళ్లు మండేది.

ఆవిడ పెళ్లి చేసుకోలేదు. ఇంట్లో చప్పుడంటే శిష్యులదే. కరోనా రోజుల్లో ఆ పాఠాలు ఫోన్లోకి వెళ్లి అక్కడే ఉండిపోయాయి. బీరువా మీది రౌటరు అంతకు చాలా ముందుది. నెట్‌కి పెద్ద ప్లాను కట్టింది గానీ ఆ డబ్బాని మార్చాలని తోచలేదు. లైటు వెలుగుతోంది కదా అనుకుంది.

ఆవిడ ఇక్కడ చేత్తో తాళం వేసేది. అవతల వాయించింది ఆగి ఆగి వచ్చేది. "ఏటే, తాళం ఎటెళ్లిపోతంది? దిగు సరళీ వరసలకి!" అని కసిరేది. దిగినవాళ్లు దిగినట్టే మానేశారు. చివరికి శ్రీకాకుళం బట్టల కొట్టువారి అమ్మాయి సుహాసిని ఒక్కతే మిగిలింది. రోజంతా కలిపి టీచరుతో మాట్లాడే గొంతు అదొక్కటే. "ఇది కూడా పోతే నానేటైపోతానో లక్ష్మణమ్మా" అని నాతో అంది. అంటూనే ఆ పిల్లనీ సరళీ వరసలకి దించింది! ఏం మనిషో.

మొన్న వాళ్లింటికి సున్నాలు వేస్తుంటే పాఠం మా ఇంట్లో పెట్టుకుంది. మాది కొత్త రౌటరు. సుహాసిని వాయించింది. తాళం ఎక్కడా జారలేదు. టీచరు వర్ణం వాయించమంది. అదీ నిలబడింది. ఆవిడ ముఖం పాలిపోయింది. "సరే, రేపు" అని ఫోన్ పెట్టేసింది.

"ఇన్నాళ్లూ తప్పు పిల్లలది కాదేటి?" అంది.

"ఆ ముక్క పిల్లకే సెప్పొచ్చు కదండీ!"

"మా ఇంట్లోనూ ఇలాగే వినిపించనీ, అప్పుడు సెప్తాను."

మర్నాడు నెట్ బాగుచేసే ఈశ్వర్ వచ్చాడు. "లైనుకేటీ లేదమ్మా. వచ్చిందంతా ఈ పాత డబ్బా కాడే ఆగిపోతంది" అని కొత్తది బిగించాడు. సాయంత్రం నన్నూ పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్ కలిపింది. బొమ్మ తేటగా వచ్చింది. కనబడింది మాత్రం సుహాసిని తల్లి.

"మానేస్తాదటండి. నిన్న అంత బాగా వాయించినా మీరేటీ అనలేదని ఒకటే ఏడుపు. తనకింక రాదంటాది."

టీచరు పిల్లని పిలవమని బతిమాలింది. కళ్లు వాచిన సుహాసిని వచ్చి నిలబడింది.

"సానా బాగా వాయించావమ్మా" అంది టీచరు. ఆ మాట ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. "తాళం తప్పింది నువ్వు కాదు, నా ఇంట్లో డబ్బా. తెలుసుకోకుండా తిట్టాను. రేపట్నుంచి వర్ణమే."

"నాకింక వద్దు టీచర్" అంది పిల్ల.

కొత్త డబ్బాలో ఆ మాట మధ్యలో ఎక్కడా తెగలేదు. పెదవి కదిలినప్పుడే మాటా వినిపించింది.