మొగిలన్న రబ్బరు

చేతిలో రబ్బరు లేకుండా మొగిలన్నను చూసినవాళ్లు లింగంపల్లిలో ఎవరూ లేరు. రైల్వేస్టేషన్ బయట పాత పుస్తకాల దుకాణం ఆయనది. పుస్తకంలో పాత విద్యార్థి పెన్సిల్‌తో పెట్టిన టిక్కులన్నీ చెరిపేస్తే గాని దాన్ని ఇంకొకరికి అమ్మడు. పొద్దస్తమానం చెరుపుతూనే ఉంటాడు. ఆ రబ్బరు పొట్టు ఆయన మీసాల్లో, చొక్కా జేబులో, చివరికి చాయ్‌లో కూడా తేలుతుండేది.

"జర ఊదుకొని తాగు, ఏం గాదు" అని నాకూ ఓసారి ఆ చాయ్ ఇచ్చాడు.

ఆయన దగ్గర బేరం కుదరడం తేలికే, పుస్తకం చేతికి రావడమే కష్టం. ఒకసారి ఒకాయన రైలు వచ్చేస్తోందని గోల పెట్టాడు.

"చెరపకపోయినా పర్లేదండీ, ఇచ్చేయండి!"

"ఇయ్య. ఎల్లుండి రా."

"ఎల్లుండి మావాడికి పరీక్షండీ బాబూ!"

"గట్లయితే రేపు రా. పొద్దంత గిదే పని మీద కూసుంట."

నేను ఎంసెట్ రెండోసారి రాయబోతున్న ఏడాది అది. మొదటిసారి డెంటల్ సీటు కొద్దిలో తప్పిపోయింది. మా నాన్న నారాయణప్ప అనంతపురం మనిషి, మాట ఒకటే: "ఈ తూరి రాకపోతే బీకామే, భార్గవీ." సరిగ్గా అప్పుడే సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు లేవు, మాదాపూర్‌లో కోచింగ్‌కు వెళ్లే దారి లేదు. ఇంట్లోనే చదువుకోవాలి, ఏ పుస్తకాలు చదవాలో తెలియదు. స్నేహితులు చెప్పిన పేర్లు పదకొండు పెన్సిల్‌తో రాసుకుని, నల్లగండ్ల నుంచి నడిచి మొగిలన్న దగ్గరికి వెళ్లాను.

ఆయన చీటీ తీసుకుని, ఒక్కో పేరే చదువుతూ చెరిపేశాడు.

"పదకొండు పుస్తకాలా! సదువుతవా, మోస్తవా?"

చివరికి నా చేతిలో తెల్ల కాగితం మిగిలింది.

"మరి నాకేది అన్నా?"

"ఒక్కటున్నది. ఇంక చెరిపేది అయిపోలే. వారం ఆగు."

"వారమా! టిక్కులుంటే ఏమైతాది?"

"ఎవడో పెట్టిన టిక్కు చూసి పెట్టుడు అలవాటైతే, రేపు ఎవని పన్ను పీకుతవో ఏమో!"

నాకు కోపంతో ఏడుపొచ్చింది. ఆ వారమంతా ఆయన్ని తిట్టని తిట్టు లేదు.

వారం తిరిగాక, కొత్త అట్ట వేసిన లావుపాటి ప్రశ్నల పుస్తకం చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి తెరిస్తే జువాలజీ పేజీ మీద సాంబారు మరక. ఆ మరక చేసింది నేనే! ఫలితాలు వచ్చిన రోజు, ఇక దీని మొహం చూడనని ఆయన ముందు పడేసి వచ్చిన నా పుస్తకమే అది. నా టిక్కులన్నీ పోయాయి గానీ, కొన్ని ప్రశ్నల పక్కన చిన్న చుక్క ఉంది.

మర్నాడు పొద్దున్నే వెళ్లి ఆ చుక్కలేమిటని అడిగాను.

"నువ్వు తప్పు పెట్టిన కాడ పెట్టిన. ఎనక జవాబులున్నయ్ గద, చూసుకుంట చెరిపిన. నాకు జువాలజీ రాదు గని ఏబీసీడీ వస్తది. ఒప్పులు నీకొచ్చినయే. గీ చుక్కలు నేర్చుకో, సాలు."

"అప్పటి నుంచి దాచిపెట్టినావా అన్నా?"

"శానామంది అడిగిన్రు, ఇయ్యలే. నువ్వు మల్ల వస్తవని నాకెరుక."

"నాదేనని నిన్ననే చెప్పొచ్చు కదా!"

"చెప్తే తీసుకపోతుంటివా?"

తీసుకుపోయేదాన్ని కాదు. సమ్మెలో గిరాకీ లేని రోజులన్నీ ఆయన నా తప్పులు లెక్కపెడుతూ గడిపాడని తెలిసి, ఎంత సిగ్గేసిందో అంత సంతోషమూ వేసింది. చుక్కలు ఆరువందల పన్నెండు. అన్నీ నేర్చుకున్నాను, సీటొచ్చింది.

ఇప్పుడు నా క్లినిక్ లింగంపల్లిలోనే. పోయిన నెల దవడ వాచి మొగిలన్న వచ్చాడు. మీసాల్లో అదే పొట్టు. పన్ను పీకాలన్నాను. ఆయన కుర్చీలో లేచి కూర్చుని, జేబులోంచి పెన్సిల్ తీసి నాకిచ్చాడు.

"ముందుగాల చుక్క పెట్టు డాక్టరమ్మా. తప్పు పన్ను పీకినవంటే గీ రబ్బరు పని చెయ్యదు."

నవ్వాపుకుంటూ ఎక్స్‌రే కవరు మీద ఆ పన్ను బొమ్మ గీసి, పక్కన చుక్క పెట్టి చూపించాను.